కంపెనీ బస్సు అయిదుంబావుకు, అంగన్‌వాడీ తొమ్మిదింటికి

సంపాదకులకు నమస్కారములు.

మా కూర్మన్నపాలెం కూడలికి కంపెనీ బస్సు తెల్లవారుజామున అయిదుంబావుకే వస్తుంది. వీధి చివరి అంగన్‌వాడీ తలుపు తీసేది తొమ్మిదింటికి. దుస్తుల కంపెనీలో కుట్టుమిషను మీద పనిచేసే మా పక్కింటి అమ్మాయి, ఏడాదిన్నర పాపను తువ్వాలులో చుట్టి నిద్రలోనే తెచ్చి నా మంచం మీద పడుకోబెట్టి, పాలసీసా పక్కన పెట్టి బస్సుకు పరుగెడుతుంది. మొన్న నేను కంట్లో శుక్లం తీయించుకున్నప్పుడు ఆమె నాలుగు రోజులు పనికి వెళ్ళలేకపోయింది. ఆ నాలుగు రోజుల జీతంతోపాటు నెలకిచ్చే హాజరు బోనసు కూడా పోయింది. ఆమె భర్త ఆటో నడుపుతాడు. అతణ్ణి ఒక పూట ఇంట్లో ఉండమనాలన్న ఆలోచన అతనికీ రాలేదు, ఆమెకూ రాలేదు, నిజం చెప్పాలంటే నాకూ రాలేదు.

చట్టాలు లేక కాదు. 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతులు అమలయ్యేదాకా, 30 మందికి మించి మహిళలున్న కర్మాగారంలో ఆరేళ్ళలోపు పిల్లలకు క్రెష్ (తల్లులు పనిలో ఉన్నంతసేపు పిల్లలను చూసుకునే కేంద్రం) ఉండాలని ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. ఆడవాళ్ళను మాత్రమే లెక్కపెట్టడంలోనే లోపముండేది. ఖర్చు తప్పించుకోదలచిన యజమాని ముప్ఫయ్యో మహిళ దగ్గర ఆగిపోతే సరిపోయేది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, ఆడామగా కలిపి 50 మంది ఉన్న సంస్థకు క్రెష్ తప్పనిసరి చేసి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చన్నారు. తండ్రి ఊసు అక్కడా లేదు. పూర్ణా మార్కెట్‌లో కూరగాయల బుట్ట ముందు కూర్చునే ఆమెకు, చేపలరేవులో చేపలు ఎండబెట్టే ఆమెకు, ఎంవీపీ కాలనీలో నాలుగిళ్ళ పని చేసుకునే ఆమెకు ఆ యాభైమంది లెక్క ఎలాగూ వర్తించదు.

అటువంటివారి కోసం కేంద్రం పెట్టిన ‘పాల్నా’ పథకం కింద, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీలోనే క్రెష్ నడపవచ్చు. మంచి ఆలోచనే గాని, దాని నిబంధనల్లో రాసుకున్నది రోజుకు ఏడున్నర గంటలు. ఎనిమిది గంటల షిఫ్టుకు రానూపోనూ ప్రయాణం కలిపి పది గంటలు బయటుండే తల్లికి మిగతా రెండున్నర గంటలు ఎవరు ఆదుకోవాలి? ఇంటిపనికి చేయి వేసే మగవాళ్ళను మాత్రమే లెక్కించినా వారు రోజుకు 97 నిమిషాలు, ఆడవాళ్ళు 299 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చిస్తున్నారని 2019 నాటి జాతీయ కాల వినియోగ సర్వే తేల్చింది. కనుక జవాబు వెతకనక్కరలేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం, సంతోషమే. చంకలో బిడ్డతో బస్సెక్కినామెను ఏ పనిలోకి రానిస్తారు?

జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ), స్త్రీ శిశు సంక్షేమ శాఖ కలిసి గాజువాక, పెదగంట్యాడ, మధురవాడ వంటి చోట్ల వార్డుకొక క్రెష్‌నైనా షిఫ్టు వేళలకు తగ్గట్టు, ఉదయం అయిదు నుంచి రాత్రి పది దాకా, రెండు జట్ల సిబ్బందితో నడపాలని కోరుతున్నాను. ఆ అదనపు గంటలను, గౌరవ వేతనంతో నెట్టుకొస్తున్న అంగన్‌వాడీ టీచరు నెత్తిన మాత్రం వేయవద్దు. ఆమెకూ ఇంట్లో పిల్లలుంటారు.

నాకు రెండో కంటి ఆపరేషను వచ్చే నెలలో ఉంది. సెలవు అడగాలా, పనే మానుకోవాలా అని పక్కింటి అమ్మాయి ఇప్పటినుంచే తర్జనభర్జన పడుతోంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం