కౌన్సెలింగ్ పీజీలో చేరేముందు ఇది అడుగు

ఒరేయ్,

ఫోన్లో అయితే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నాను. నువ్వు కౌన్సెలింగ్ సైకాలజీలో పీజీ చేద్దామనుకుంటున్నావని తెలిసి భలే సంతోషమేసింది, నీకు బాగా నప్పే పని రా. కానీ కాలేజీ పేరు చూసో సిలబస్ చూసో సీటు తీసుకోకు. ప్రాక్టికమ్‌లో, అంటే క్లయింట్లతో పని చేస్తూ నేర్చుకునే భాగంలో, మన పని చూసి తప్పొప్పులు చెప్పే సూపర్‌విజన్ ఎవరు చేస్తారు, వారానికి ఎంతసేపు, మన సెషన్ రికార్డింగులు కూర్చుని వింటారా లేదా, ముందు ఇది కనుక్కో.

థియరీలు, అసెస్‌మెంట్, స్టాటిస్టిక్స్ ఎలాగూ ఉంటాయి, కష్టపడితే వచ్చేస్తాయి. అసలు చదువు రోల్‌ప్లేతో మొదలవుతుంది. మొన్న క్లాసులో క్లయింట్‌గా కూర్చున్న అమ్మాయి "ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదండీ" అంది. ఎదురుగా ఉన్నతను వెంటనే "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అనడిగాడు. మేడమ్ రికార్డింగ్ అక్కడే ఆపి, "ఎవరికీ చెప్పనిది నీకు చెప్పింది కదా, దాన్ని అలా దాటేశావేంటి?" అన్నారు. మళ్లీ చేయించారు. ఈసారి అతను కాసేపాగి, "అయితే ఇన్నాళ్లూ మీరొక్కరే మోస్తూ వచ్చారన్నమాట" అన్నాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి అడగకుండానే చెప్పుకుపోయింది, నటన అని తెలిసినా మాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఇలా ఒక్కో మాట దగ్గర ఆపి చూపించేవాళ్లు లేకపోతే ఏ పుస్తకమూ ఇది నేర్పదు. 1942లోనే కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒక క్లయింట్‌తో జరిగిన సెషన్లన్నీ రికార్డింగ్ నుంచి యథాతథంగా దించి అచ్చు వేయించాడంటే, ఆ పద్ధతి విలువ ఆయనకి అప్పుడే తెలుసు.

నిజం క్లయింట్లైతే వాళ్ల అనుమతి తీసుకున్నాకే రికార్డింగ్. ఇంకో సంగతి, చెప్పిందంతా రహస్యంగానే ఉంటుందని ఎవరికీ మాటివ్వకూడదు. ప్రాణం మీదికొచ్చే పరిస్థితి ఉంటే, పిల్లలకి హాని జరుగుతుంటే బయటికి చెప్పాల్సి రావచ్చని మొదటి సెషన్‌లోనే చెప్పేయాలి. ఆ మాట తడబడకుండా, ఎదుటివాళ్లు బెదిరిపోకుండా చెప్పడం కూడా సాధన మీదే వస్తుంది.

లైసెన్స్ నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి, క్లినికల్ సైకాలజిస్ట్ దారి వేరు, కౌన్సెలర్ దారి వేరు. నువ్వు పని చేయాలనుకునే చోట ఈ డిగ్రీతో రిజిస్ట్రేషన్ ఇస్తారో లేదో ఫీజు కట్టకముందే చూసుకో. ఇంటర్న్‌షిప్ మొదలయ్యాక మనసు బాగా అలిసిపోతుంది, అప్పుడు నువ్వూ ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు, అందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

నువ్వు చూస్తున్న కోర్సుల లిస్టు పంపించు. వాటిలో రెండో ఏడు చదువుతున్నవాళ్లు ఎవరైనా దొరికితే, నీ రికార్డింగ్ చివరిసారి ఎవరు విన్నారు, ఏమన్నారు అని అడుగు. వాళ్లు చెప్పింది నాకు రాయి, కూర్చుని తేలుద్దాం.