పిల్లల వీడియోలో పిల్లలే మాట్లాడాలి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఇంట్లో ఎవరైనా చేసే పని గురించి రెండు నిమిషాల వీడియో తీసుకురమ్మని సంక్రాంతి సెలవులకు ముందు ఆరు, ఏడు తరగతుల పిల్లలకు చెప్పాం. వచ్చినవన్నీ ఓపిగ్గా చూశాను. చాలావాటికి "హాయ్ గైస్, వెల్‌కమ్ టు మై ఛానల్" అన్నదే మొదలు. అవే చేతుల ఊపులు, అదే అరువు గొంతు. రోజూ నాతో కబుర్లు చెప్పే పిల్లల్ని కూడా గొంతు విని పోల్చుకోలేకపోయాను.

ఏడో తరగతి అమ్మాయి తీసినది మాత్రం వేరుగా ఉంది. డాబా మీద నానమ్మ గుమ్మడి వడియాలు పెడుతోంది. ఉప్పు చాల్లేదేమోనని ఆవిడ గొణిగింది. పిల్ల ఫోన్ పక్కన పడేసి, పిండి వేలితో నాకి, "సరిపోయిందిలే నానమ్మా, నువ్వు కానియ్" అంది. అంతసేపూ తెర నిండా ఆకాశమే. ఆ ముక్క కత్తిరించకుండా అలాగే పంపింది. పెద్దావిడకు ధైర్యం చెప్పిన ఆ తీరు ఏ పరీక్ష పేపర్లోనూ నాకు కనిపించేది కాదు.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వనే చూడండి. 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్‌లో మాట్లాడిన ఊరి యాసతోనే 2020లో బిగ్ బాస్‌కూ వెళ్లారు. నూరేళ్లు దాటిన వయసులో ఆరుబయట పొయ్యి పెట్టి పుచ్చకాయలో చికెన్ వండి యూట్యూబ్‌లో చూపించిన మస్తానమ్మ గారినీ జనం ఆవిడ తీరు చూసే ఇష్టపడ్డారు.

అందుకే మిమ్మల్ని కోరేది, మాటలు మీరు రాసివ్వకండి. తడబడితే తడబడనివ్వండి. "మళ్లీ తియ్యి, నవ్వుతూ చెప్పు" అని నాలుగుసార్లు తీయించేసరికి పిల్ల సొంత గొంతు పోయి, పాఠం అప్పజెప్పే గొంతు మిగులుతుంది.

ఇంత మనసు విప్పి తీసిన వీడియో ఎవరి కంటపడుతుందన్నదీ ముఖ్యమే. యూట్యూబ్‌కైనా, ఇన్‌స్టాగ్రామ్‌కైనా సొంత ఖాతాకు 13 ఏళ్లు నిండాలి. పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరవనివ్వకండి. బడి యూనిఫాం, ఇంటి నంబరు, వీధి బోర్డు కనిపించే వీడియోలు కుటుంబం దాటి బయటికి పోనివ్వకండి.

బడి తరఫున వీటిని ఆన్‌లైన్‌లో పెట్టం. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో హాల్లో వేస్తాం. మీ పిల్లల వీడియో అక్కడ వేయొద్దనుకుంటే శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు చెప్పండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు