ఫిట్‌నెస్ క్లాసు ఆపేయాలా, ఉంచాలా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జనవరి మీటింగులో మనం ఎక్కువసేపు మాట్లాడుకున్నది సిలబస్ గురించి కాదు, సాయంత్రం నాలుగింటికి పిల్లలందరినీ నిలబెట్టి చేయిస్తున్న ఫిట్‌నెస్ క్లాసు గురించి. ‘గంతులేస్తే మార్కులొస్తాయా మేడమ్?’ అని ఒక నాన్నగారు అడిగారు. అందరం నవ్వాం గానీ, ఆ మాట వెనక పబ్లిక్ పరీక్షల టెన్షన్ ఉంది. కోచింగులకు పేరుపడ్డ బెజవాడలో ఉంటూ ఆయన్ని తప్పుపట్టలేను.

నిజానికి ఆపేద్దామనే నేనూ అనుకున్నాను. డిసెంబరు నుంచి హాజరు పడిపోయింది, అందులోనూ ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలది. ఒకరికి కడుపునొప్పి, ఇంకొకరికి ట్యూషన్. రాని పిల్లల కోసం ట్రైనర్‌కి డబ్బు కట్టడం దేనికని సర్క్యులర్ కూడా టైప్ చేయించాను.

సంతకం పెట్టేముందు ఒకసారి చూద్దామని బుధవారం వెళ్లి వేపచెట్టు కింద కూర్చున్నాను. చివరి వరసలో ఒక అమ్మాయి, చేతులు పైకెత్తమన్నప్పుడల్లా ఒకటే ఎత్తుతోంది. రెండో చేత్తో చున్నీ పట్టుకుంది. గెంతగానే భుజం మీది పిన్నీసు ఊడింది. వెతుక్కోవడానికి కూర్చున్న పిల్ల పాట అయిపోయేదాకా మళ్లీ లేవలేదు. గోడ అవతల ఆటోల దగ్గర నిలబడ్డవాళ్లు ఇటే చూస్తున్నారు. మర్నాడు ఆడపిల్లల్ని విడిగా కూర్చోబెట్టి అడిగితే గానీ ఆ కడుపునొప్పులు ఎక్కడివో అర్థం కాలేదు. బట్టలు మార్చుకోవడానికి మేం వాళ్లకో గది ఇవ్వలేదు. తప్పు మాది.

కాబట్టి క్లాసు ఉంటుంది. లైబ్రరీ పక్కన స్టోర్‌రూమ్ ఖాళీ చేయించి లోపల గడియ పెట్టించాం. ట్రాక్‌ప్యాంటు, టీషర్టు బ్యాగులో పెట్టి పంపండి, ఇంట్లో ఉన్నవే చాలు. క్లాసు కూడా రోడ్డువైపు కాకుండా వెనక బ్లాకు నీడలో జరుగుతుంది.

టైము మాత్రం మారుస్తున్నాం. శివరాత్రి దాటితే చలి శివశివా అంటూ పోతుంది, ఆ తర్వాత మన ఊరి నాలుగింటి ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు. నాకు ఎండకంటే ఉక్కంటేనే భయం. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడి ఉక్కలో చెమట కారుతుందే గానీ ఆరదు. అందుకని వచ్చే సోమవారం నుంచి ఉదయం 7.30కి, ప్రార్థనకు ముందు అరగంట. ఒంటిపూట బడులు మొదలవగానే ఆపేసి, జూన్‌లో మళ్లీ పెడతాం. కడుపునిండా ఇడ్లీలు తిని గెంతితే వాంతులవుతాయి, ఒక అరటిపండు పెట్టి పంపండి. టిఫిన్ డబ్బా తెచ్చుకుంటే క్లాసయ్యాక తినడానికి పది నిమిషాలు ఇస్తాం.

పదో తరగతివాళ్లు పరీక్షలయ్యేదాకా ఇష్టముంటేనే రావచ్చు. రమ్మనే నా సలహా. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా అరగంట అందులో సగమే. మిగతా సగం మీ చేతుల్లో ఉంది. సెల్లార్‌లో క్రికెట్ ఆడితే అపార్ట్‌మెంట్‌వాళ్లు ఊరుకోరని తెలుసు, కనీసం మూలపడ్డ సైకిలుకు గాలి కొట్టించండి.

ఉబ్బసం, గుండె సమస్య ఉన్న పిల్లలుంటే డైరీలో రాసి పంపండి. ఇంకొక్కటి, ఎవరింట్లోనైనా వాడని నిలువుటద్దం ఉంటే ఇవ్వగలరా? ఆ గదిలోకి పిల్లలు అడిగింది అదొక్కటే.

మీ ప్రధానోపాధ్యాయురాలు