పులికాట్‌లో ఫ్లెమింగోలను లేపి ఫోటోలు తీసేవాళ్ల గురించి అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

నేను నెల్లూరోణ్ణి. ఆఫీసర్నీ కాదు సైంటిస్టునీ కాదు, వారమంతా ఉద్యోగం చేసుకుని ఆదివారమైతే మెడలో కెమెరా వేసుకుని పిట్టల ఎంబడి తిరిగే బాపతు. ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు, నేను హాబీ అంటా. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పులికాట్ సరస్సుకి పోయొచ్చా, అక్కడ చూసింది మీకు చెప్పకపోతే మనసు ఒప్పడం లేదు, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి సార్.

తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరి ముందు నేలపట్టు పక్షుల కేంద్రానికి పోయాం. దొరవారిసత్రం దగ్గర హైవే దిగి లోపలికి పోతే ఆ చెరువు, నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), గూళ్లలో బాగా ఎదిగిన పిల్లలు. ఒక పిల్ల తల మొత్తం తల్లి గొంతులో దూర్చేసి చేప కోసం కుమ్ముతా ఉంటే తల్లికి ఊపిరాడుతుందా అని మాకే భయమేసింది. అక్కడ ఊరోళ్లు వాటి జోలికి పోరు, రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు కాబట్టి పిట్టలుంటేనే పంట అంటారు. నేలపట్టుకి నా కంప్లైంట్ ఏం లేదు, గంటన్నర ఉండి సూళ్లూరుపేటలో టీ తాగి శ్రీహరికోట రోడ్డెక్కాం.

ఆ రోడ్డు మీరు చూసే ఉంటారు. సరస్సుని కోసుకుంటా పోతుంది, రెండు పక్కలా నీళ్లు, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉద్యోగుల బస్సులు సర్రున పోతుంటాయి. అటకానితిప్ప దాటాక ఎడమ పక్క ఫ్లెమింగోలు, వెయ్యికి తక్కువుండవు. కార్లోనే కూర్చుని అద్దం దించి చూశాం, ఎందుకంటే కారుకి అవి అంత బెదరవు, మనిషి దిగితేనే మెడలు పైకి లేస్తాయి. ఒకటి మాకు బాగా దగ్గర్లో ఉంది. తల తలకిందులు చేసి ముక్కు నీళ్లలో పెట్టి, రెండు కాళ్లతో బురద తొక్కుతా గుండ్రంగా తిరుగుతా ఉంది, మా నాయనమ్మ పిడకలకి పేడ తొక్కినట్టే. ఆ బురదలో లేచే చిన్న చిన్న రొయ్యపిల్లలు, నాచు ముక్కులో జల్లెడ పట్టుకుని తింటుంది, ఆ గులాబీ రంగు కూడా ఆ తిండిలోంచి వచ్చేదే. పొద్దున తొమ్మిది దాటితే నీళ్ల మీద ఆవిరి లేచి ఫోటో అంతా అలికినట్టు వస్తుంది, అద్దెకు తెచ్చిన పెద్ద లెన్స్ అయినా ఏం చేయలేదు, కాబట్టి ఉన్న కాసేపట్లోనే తీసుకోవాలి.

అప్పుడొచ్చింది ఒక కారు. నలుగురు దిగారు, ఒకాయన డ్రోన్ లేపాడు. పక్కనే రాకెట్లు ఎగరేసే ఊరు, అక్కడ డ్రోన్ లేపడానికి ఎంత ధైర్యమో నాకైతే అర్థం కాలా. అది గుంపు నెత్తి మీదికి పోగానే ముందు ఒక పక్క నుంచి గోల మొదలైంది, తర్వాత మొత్తం గుంపు నీళ్ల మీద పరిగెత్తుకుంటా లేచింది. రెక్క విప్పితే లోపల ఎరుపు, అంచున నలుపు, ఆకాశం సగం రంగు మారిపోయింది. దాస్తే పాపం, నేను కూడా షట్టర్ నొక్కా. పదేళ్ల కిందట అయితే నేనే పిట్టలు ఎగిరే ఫోటో కోసం చప్పట్లు కొట్టి లేపినోణ్ణి, అది నేలపట్టు దగ్గర ఒక పెద్దాయన చేత తిట్లు తినేదాకా మానలేదు. కాబట్టి వాళ్లని మాత్రమే అంటే అన్యాయం.

పిట్టలు దూరంగా పోయి వాలాయి, డ్రోన్ మళ్లీ అటే పోయింది. గంటలో మూడుసార్లు లేపారు సార్, లెక్కపెట్టా. పక్కనే వల సర్దుకుంటున్న ఒక తాత ఉండబట్టలేక నా దగ్గరికొచ్చి, "ఏంది అబ్బయా ఇది, నువ్వు బువ్వ తినేటప్పుడు మూడుసార్లు కంచం ముందు నుంచి లేపితే నీకెట్టుంటది" అన్నాడు. డ్రోన్ నాది అనుకున్నాడు పాపం. మెడలో కెమెరా ఉంటే అందరం ఒకటే ఆయనకి.

ఆ తాత మాటలోనే ఉంది విషయమంతా. పులికాట్ లోతు లేని సరస్సు, ఈశాన్య రుతుపవనాల వానలకి నిండి ఎండలు ముదిరేకొద్దీ తగ్గిపోతుంది. ఫ్లెమింగో కాళ్లు ఆనే లోతులో, మేత ఉన్న చోటే తినాలి, అట్లాంటి చోట్లు ఫిబ్రవరికే తగ్గిపోతుంటాయి. సముద్రం నీళ్లొచ్చే ముఖద్వారాలు ఇసుక మేట వేయడం ఇంకో గొడవ, దానికి జాలర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు, అది పెద్ద ఖర్చుతో పనని నాకూ తెలుసు. నేనడిగేది చిన్నది.

1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే కాల్చడం, వల వేయడం మాత్రమే కాదు, తరమడం కూడా వేట కిందికే వస్తుంది. మరి తరిమి తీసిన ఫోటోకి మనం లైకులు కొడుతున్నాం. ఈ ముక్క తెలుగులో పెద్ద అక్షరాలతో ఆ రోడ్డు మీద బోర్డు పెట్టించండి, నేను ఆగిన చోట అయితే అట్లాంటిది నా కంటపడలా. బోర్డు ఒక్కటే చాలదు, చదివేవాడు చదువుతాడు లేనోడు దాని కింద సెల్ఫీ దిగుతాడు, అందుకని మనిషి ఉండాలి. జాలరి ఊళ్లలో కుర్రోళ్లు ఉన్నారు, ఏ పిట్ట ఎక్కడ వాలుద్దో గూగుల్ కంటే వాళ్లకే బాగా తెలుసు. అక్టోబర్ నుంచి మార్చి దాకా నెలజీతం ఇచ్చి, చేతికొక బైనాక్యులర్ ఇచ్చి కూర్చోబెట్టండి, చూపించేదీ వాళ్లే, ఆపేదీ వాళ్లే. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్, మధ్యలో కొన్నేళ్లు ఆగినా, జనవరిలో బ్రహ్మాండంగా చేస్తున్నారు, సంతోషమే, పిల్లలు పిట్టల్ని చూస్తున్నారు. కానీ స్టేజీ లైట్లకి పెట్టే డబ్బులో కొంచెం పక్కన పెట్టినా ఈ కుర్రోళ్ల జీతాలకి మంచి ఆసరా అవుద్దని నా అంచనా, తప్పైతే క్షమించండి.

ఇంకోటి, కార్లు ఆపుకోడానికి రెండు మూడు చోట్ల రోడ్డు పక్కన కొంచెం జాగా, దానికి అడ్డంగా తాటాకు తడికలు, తడికల్లో కంటి ఎత్తున కంతలు. కాంక్రీటు వ్యూపాయింట్లు, గ్లాస్ బ్రిడ్జీలు మాత్రం వద్దు సార్, దండం పెడతా. తడిక చాటున నిలబడితే పిట్ట దానంతటదే దగ్గరికొస్తుంది, ఫోటో కూడా బాగా పడుద్ది.

డిసెంబర్లో వానలు తగ్గాక మళ్లీ పోతున్నా. ఆ తాత కనపడితే డ్రోన్ నాది కాదని చెప్పాలి, ఆ రోజు చెప్పడానికి నోరు రాలేదు.

ఇట్లు,
నెల్లూరు నుంచి ఒక పిట్టల పిచ్చోడు