కారు షెడ్డు ఖాళీ అయిందన్నావుగా

విజయవాడ,
ఆదివారం.

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. కారు అమ్మేశాక షెడ్డు ఖాళీగా ఉందనీ, అందులో చిన్న వర్క్‌షాపు పెట్టుకుందామనుకుంటున్నావనీ, ఏమేం కొనాలో జాబితా పంపమనీ రాశావు. జాబితా మాత్రం పంపను. పంపితే ఆ రాత్రికే అన్నీ ఆర్డరు పెట్టేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. ముందు కొన్నాళ్లు ఏమీ కొనకుండా మీ చుట్టుపక్కల ఎవరు ఏం పారేస్తున్నారో చూడు. నా షెడ్డులో నాకు బాగా ఉపయోగపడుతున్నవన్నీ ఎవరో ఒకరు వద్దనుకున్నవే. పాతవాటి మీద మోజుతో చెప్పడం లేదురా. లారీ కిందో, పాతింటి గోడలోనో ఏళ్ల తరబడి బరువు మోసిన వస్తువు మన చిన్న పనులకు లొంగిపోదు. అందుకని ఏది కనిపించినా ‘ఇది ఇంతకుముందు ఏ పని చేసింది?’ అని అడుగు. దాన్నిబట్టి అది ఇంకే పనికి వస్తుందో, అసలు ఇంటికి తేవచ్చో తేకూడదో తెలిసిపోతుంది.

మొదట బల్ల సంగతి. వర్క్‌షాపుకి అదే ప్రాణం. చిత్రిక పట్టేటప్పుడు బల్ల కదిలితే చెయ్యి అలసిపోతుంది తప్ప చెక్క నునుపెక్కదు. కాబట్టి బరువుండాలి. మీ పాత వీధుల్లో ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు కదా, ఆ పడగొట్టే చోటికి వెళ్లి మేస్త్రీని పలకరించు. తలుపులకూ కిటికీ రెక్కలకూ గిరాకీ ఎక్కువ, వాటిని వ్యాపారులు ముందే బేరమాడుకుంటారు. ద్వారబంధాల నిలువు కమ్మీలు, సగం చెదపట్టిన దూలాలు మాత్రం మిగిలిపోతాయి. చెదపట్టిన భాగం కోసేస్తే లోపల చేవ గట్టిగానే ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకూ గాలికీ ఆరిన టేకు కాబట్టి ఇక వంగేది, పగిలేది పెద్దగా ఉండదు. ఇవాళ డిపోలో కొన్న చెక్కకి ఆ భరోసా లేదు. నా బల్ల పైభాగం అలాంటి నాలుగు కమ్మీలు పక్కపక్కన అతికించిందే. కాళ్లకు తాటి దూలం ముక్కలు పెట్టాను. తాటి చేవ రాయిలా ఉంటుంది. కోసేటప్పుడు రంపం పళ్లు తొందరగా మొద్దుబారతాయి, నార చేతుల్లో గుచ్చుకుంటుంది. అందుకే కాళ్లకు సరే గానీ చెక్కడానికి పనికిరాదు. గడప చెక్క మాత్రం నేను తీసుకోలేదు. అమ్మ ఒప్పుకోదు, నాకూ మనసు రాలేదు.

ఒక్క జాగ్రత్త. పాత చెక్క మీద రంపమో చిత్రికో పెట్టే ముందు పాత స్పీకరు అయస్కాంతం ఒకటి దారానికి కట్టి, అంగుళం అంగుళం దాని మీద నడిపించు. తల విరిగి లోపల ఉండిపోయిన మేకు పైకి కనిపించదు, అయస్కాంతానికి దొరుకుతుంది. పాత పెయింటుంటే పొడిగా సాండ్‌పేపరు పట్టకు. ఆ రోజుల్లో రంగుల్లో సీసం కలిపేవాళ్లు, ఆ దుమ్ము పిల్లలకు మరీ చేటు. తడిపి గీకి, ఆ గీకినదాన్ని మూటకట్టి పారెయ్.

ఇంకో నిధి చెప్తాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాత ఇళ్లలో కరెంటు వైర్లు గోడ మీద సన్నటి చెక్క బద్దెల మీదుగా వెళ్లేవి, గుర్తుందా? వాటిలో చాలావరకు టేకు బద్దెలే. వైరింగు మార్చినప్పుడు ఎలక్ట్రీషియన్లు వాటిని కట్టలు కట్టి పొయ్యిలోకి పంపేస్తారు. చిన్న చిన్న మేకుల రంధ్రాలుంటాయి గానీ, ఉలులు పెట్టుకునే అరలకూ చిన్న పెట్టెలకూ అంతకంటే మంచి చెక్క దొరకదు. మీ ఎలక్ట్రీషియన్‌తో ఇప్పుడే ఓ మాట చెప్పి ఉంచు.

ఇనుము సంగతికొస్తే, నాకు ఆటోనగర్ దగ్గర్లో ఉండటం అదృష్టం. లారీల రిపేర్లు, బాడీలు కట్టే షెడ్లు, వాటి వెనక తుక్కు కొట్లు. అక్కడ దాగలి కోసం, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మ కోసం, అందరూ రైలుపట్టా ముక్కే అడుగుతారు. బరువు విషయంలో వంక పెట్టలేం. మన లైన్లలో మీటరుకి 52 కిలోలదీ 60 కిలోలదీ వాడతారు కాబట్టి అడుగు ముక్కే పదహారు, పద్దెనిమిది కిలోలు తూగుతుంది. కానీ నువ్వు దాని జోలికి వెళ్లకు. 1966 నాటి చట్టం ఒకటుంది. మన దగ్గరున్న రైల్వే సొత్తు దొంగసొత్తని అనుమానం వస్తే, అది న్యాయంగా వచ్చిందని రుజువు చేసుకోవాల్సింది మనమే. వేలంలో కొన్నవాడి బిల్లు చేతికొస్తే సరే, లేకపోతే వద్దు. దాని బదులు లారీ వెనక చక్రాల్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు విరిగినది అడుగు. ఒక చివర పళ్లెంలా వెడల్పుగా ఉంటుంది. ఆ పళ్లెం పైకి వచ్చేలా మొద్దులో దిగేస్తే చిన్న పనులకు అచ్చమైన దాగలి. నాదదే.

కమాను కట్టలు, అదే లారీ బరువునీ కుదుపునీ మోసే ఉక్కు పట్టీలు, తప్పకుండా తెచ్చుకో. విరిగిన కమాను పట్టీ మంచి స్ప్రింగు ఉక్కు. మన ఊళ్లలో కమ్మరులు కత్తులూ కొడవళ్లూ గొడ్డళ్లూ దాంతోనే చేస్తున్నారు. చెక్క మీద గుర్తు గీసుకునే నా గీత కత్తినీ రెండు ఉలులనీ మా పక్కూరి కమ్మరి దగ్గర కూర్చుని చేయించాను. కొలిమిలో ఎర్రబడుతున్న ముక్కకి అయస్కాంతం అంటుకోవడం మానేశాక ఇంకాస్త కాలనిచ్చి నూనెలో ముంచాడు. ఆ దశలో అది గాజులా పెళుసు, కింద పడితే విరుగుతుంది. తర్వాత పైన తుప్పూ మసీ లేకుండా రుద్ది, ఎండుగడ్డి రంగు వచ్చేదాకా మెల్లగా వేడిచేస్తే పదునూ నిలుస్తుంది, విరగకుండానూ ఉంటుంది. ఆయన ఆ రంగు కోసం చూసే చూపు చూడాలిరా! ఒక్క క్షణం అటూ ఇటూ కానివ్వడు. పుస్తకాల్లో ఉష్ణోగ్రతలతో రాసేదాన్ని ఆయన కంటితో పట్టేస్తాడు. ఆ కొలిములు ఒక్కొక్కటే చల్లారిపోతున్నాయి. మీవైపు ఎవరైనా ఉంటే పని ఇవ్వు, అడిగినంతా ఇవ్వు.

వస్తువుని కదలకుండా బిగించి పట్టే పాత బెంచి వైసు దొరికితే తుప్పు చూసి వెనకాడకు. దవడలు ఎదురెదురుగా కలుస్తున్నాయా, పోత ఇనుములో చీలిక ఉందా, మర మరీ వదులుగా ఆడుతోందా, ఈ మూడూ చూసుకో. తుప్పు వదిలించడం చాలా తేలిక. పెయింటు బకెట్‌లో నీళ్లు పోసి లీటరుకో చెంచా చాకలి సోడా కలుపు. తుప్పు పట్టిన వస్తువుని మధ్యలో వేలాడదీసి, పాత రకం పన్నెండు వోల్టుల బ్యాటరీ ఛార్జరు నెగెటివ్ దానికి కట్టు. పాజిటివ్‌ని అంచున నిలబెట్టిన పాత ఇనప కడ్డీకి కట్టు. ఆ రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి మడ్డిలా మారి బ్రష్షుకి వచ్చేస్తుంది, ఇనుము ఇసుమంతైనా అరగదు. స్టీలు గరిటో చెంచానో పాజిటివ్‌కి కట్టకు. దానిలోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. పైకి వచ్చే బుడగలు మండే వాయువు కాబట్టి ఇదంతా ఆరుబయటే చెయ్యి. తీయగానే తుడిచి, ఎండబెట్టి, నూనె రాయి.

మోటార్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పుదారి పట్టేది ఇక్కడే. రిపేరుకి ఖర్చు దండగని పారేసిన సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్లో రెండు మోటార్లుంటాయి. బట్టలుతికే మోటారు మనకు మంచిది. నిమిషానికి పద్నాలుగు వందల చుట్ల దాకా తిరుగుతుంది, పెద్దగా గోల చెయ్యదు. దాన్నుంచి మూడు వైర్లు వస్తాయి. మల్టీమీటరుతో జతలుగా కొలిస్తే ఏ రెండింటి మధ్య నిరోధం అన్నిటికంటే ఎక్కువ ఉంటుందో, వాటి మధ్య కెపాసిటరు పెట్టాలి. మిగిలిన మూడోది కామన్. కరెంటు కామన్‌కీ, ఆ రెండిట్లో ఒకదానికీ ఇస్తే ఒకవైపు, రెండోదానికి మారిస్తే ఇంకోవైపు తిరుగుతుంది. నేను దానికి గుడ్డ చక్రం బిగించి ఇత్తడి మెరుగు పెట్టుకుంటాను, ఉలుల అంచు చివర్లో నునుపు చేసుకుంటాను. అది ఆగి ఆగి తిరగడానికి చేసిన మోటారు కాబట్టి మధ్యమధ్య చల్లారనివ్వాలి. ఒళ్లు తెరిచి ఉంటుంది కాబట్టి దుమ్ము పోకుండా డబ్బాలో పెట్టాలి.

మిక్సీ మోటారు మాత్రం దీనికి పూర్తిగా వేరు. బరువు లేకుండా తిరిగితే నిమిషానికి పదివేల చుట్లు దాటిపోతుంది. ఆరంగుళాల సాన చక్రం మీద ఎన్ని చుట్లకు మించకూడదో రాసి ఉంటుంది, చదువు. మామూలుగా నాలుగు వేల చుట్టుపక్కల ఉంటుంది. మిక్సీ మోటారుకి ఆ చక్రం బిగిస్తే ముక్కలై ఎగురుతుంది, ఎదురుగా ఉండేది నీ ముఖం. దయచేసి ఎవరు చేసి చూపించినా నువ్వు చెయ్యకు.

పాత కంప్యూటర్ పవర్ సప్లై కనిపిస్తే వదలకు. పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ వైరుని ఏదైనా నల్ల వైరుతో కలిపితే ఆన్ అవుతుంది. పసుపు, నలుపు మధ్య పన్నెండు వోల్టులు. బల్ల మీద ఎల్ఈడీ దీపాలకు అది చాలు. పెట్టె మాత్రం విప్పకు, ప్లగ్గు తీసేశాక కూడా లోపల కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. పాడైన మైక్రోవేవ్ అసలు ముట్టుకోవద్దు. దాని ట్రాన్స్‌ఫార్మరుతో ఏవేవో చేస్తారు గానీ రెండువేల వోల్టులు రెండో అవకాశం ఇవ్వవు.

బేరింగులు ఎక్కడ దొరికినా దాచు. అంచు మీద 6202 అని ఉంటే లోపలి రంధ్రం పదిహేను మిల్లీమీటర్లు, బయటి వ్యాసం ముప్ఫయ్యైదు, మందం పదకొండు. అది సీలింగు ఫ్యానులోదైనా బైకులోదైనా ఏ దేశంలో చేసినదైనా అంతే. తుక్కులోంచి తెచ్చిన రెండు యంత్రాలను కలపగలుగుతున్నామంటే ఈ నంబర్ల వల్లే.

చదునైన రాయి ఒకటి కావాలి నీకు. గ్రానైటు కొట్టు బయట వంటింటి సింకు కోసి తీసిన ముక్కలు పడి ఉంటాయి. మా వైపు చీమకుర్తి నల్లరాయి ముక్కలు దొరుకుతాయి, బంగారు రంగు చుక్కలు మెరుస్తూ చూడ్డానికే ముచ్చటగా ఉంటాయి. ఇనప స్కేలు అంచు ఆనించి వెనకనుంచి వెలుతురు పడేలా చూడు. సందు లేకపోతే ఆ ముక్క తీసుకో. దాని మీద నీళ్లు చల్లి ఎమెరీ పేపరు పరిచి 220, 400, 1000, 2000 నంబర్ల వరసలో ఉలి వీపుని రుద్దితే ముఖం కనిపించేంత మెరుపు వస్తుంది. ఖరీదైన సానరాళ్ల అవసరం చాలాకాలం రాదు.

చిన్నవి గబగబా చెప్పేస్తాను. చిరిగిన సైకిల్ ట్యూబుని నిలువునా పొడుగు పట్టీల్లా కోసి చుడితే, వంకర ముక్కల్ని జిగురు ఆరేదాకా బిగించి ఉంచుతుంది, ఏ క్లాంపూ అంత చక్కగా పట్టుకోదు. ఎన్నికలయ్యాక గుట్టలుగా పడుండే ఫ్లెక్సీలు వాన జల్లుకి తెరగా, జిగురు పని కింద పరుపుగా వాడుకో, కానీ ఎప్పుడూ తగలబెట్టకు. మూతపడిన కిరాణా కొట్టు ర్యాకులు బోల్టులు విప్పి తెచ్చి మళ్లీ బిగించుకోవచ్చు. పచ్చడి సీసాల మూతల్ని అర కిందికి స్క్రూలతో బిగించి సీసాల్ని తిప్పి తగిలిస్తే మరలూ మేకులూ కంటికెదురుగా ఉంటాయి. చెల్లెమ్మకి చెప్పు, పెయింటు బకెట్లు ఎవరికీ ఇచ్చేయొద్దని.

విదేశీ సరుకొచ్చిన చెక్క పెట్టెలు, ప్యాలెట్లు దొరికితే వాటి మీద కాల్చి వేసిన ముద్ర వెతుకు. హెచ్‌టీ అని ఉంటే వేడితో పురుగు చంపినది, వాడుకో. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, వదిలెయ్. ముద్రే లేకపోతే అది ఏ సరుకు మోసిందో తెలియదు కాబట్టి నేనైతే తీసుకోను. ఇంటి మీద నుంచి దింపిన పాత సిమెంటు రేకుల్ని కొయ్యడం, రంధ్రాలు పెట్టడం చెయ్యకు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రసాయనాలో పెట్రోలో పోసిన డ్రమ్ముకి వెల్డింగు పెట్టకు, ఖాళీ అనుకున్నది పేలుతుంది. గాలి ట్యాంకు కావాలంటే లారీ ఎయిర్ బ్రేకు ట్యాంకు తెచ్చి పరీక్ష చేయించు, వంటగ్యాసు సిలిండరు మాత్రం ఎన్నటికీ వద్దు.

కొన్ని మాత్రం కొత్తవే కొను, బేరం కూడా ఆడకు. కళ్లద్దాలు, దుమ్ము మాస్కు, సాన చక్రాలు, వైర్లు, ప్లగ్గులు. షెడ్డుకి వేరే లైను లాగించి, మంచి ఎర్తింగు తీయించి, ముప్ఫై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, పెట్టించు. పాత మోటార్లతో ఆడుకునేవాడికి ఇది అన్నిటికంటే ముందు. ఇది పెట్టించానని నువ్వు రాసేదాకా నాకు టెన్షనే.

నీకు హైదరాబాదులో లోటేమీ లేదు. ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకి వెళ్లు, జుమ్మేరాత్ బజారూ చూడు, బాలానగర్ మెషిన్ షాపుల్లో ఇనుమూ అల్యూమినియం ముక్కలు కిలో లెక్కన అడుగు. మీ అమ్మగారి కుట్టుమిషను స్టాండు ఇంకా ఉందా? ఉంటే ఎవరికీ అమ్మకు. ఆ పోత ఇనప కాళ్లూ, కాలితో తొక్కే చక్రమూ ఉంటే కరెంటు లేకుండా తిరిగే సాన చేసుకోవచ్చు. బొమ్మ గీసి పంపిస్తాను. షెడ్డు పొడవు వెడల్పులు, తలుపు ఎటువైపో, వెలుతురు ఎటునుంచి వస్తుందో రాయి, బల్ల ఎక్కడ వెయ్యాలో చెప్తాను.

ఎర్రగడ్డ వెళ్లినప్పుడు పిడి పట్టుకుని పళ్లచక్రం తిప్పే పాత చేతి డ్రిల్లు కనిపిస్తే, బిట్టుని పట్టుకునే చక్‌లో దవడలు మూడూ ఉన్నాయో లేదో చూసి నాకోసం తీసి ఉంచు. సంక్రాంతికి వచ్చినప్పుడు డబ్బులిస్తాను.

నీ,
సూరి