గిరాకీ ఉన్నా మూతపడుతున్న చిన్న షాపులు

ఎడిటర్ గారికి నమస్కారం. మాది తెనాలిలో చిన్న లేడీస్ టైలరింగ్ షాపు, పదకొండేళ్ల నుంచి నడుపుతున్నా. ఆన్‌లైన్ వచ్చి చిన్న షాపులు పోతున్నాయని అందరూ అంటుంటారు గానీ మా వీధిలో నేను చూసింది వేరే. మా పక్క ఫ్యాన్సీ షాపు ఆషాఢంలో మూసేశారు, గిరాకీ లేక కాదండీ, డైలీ ఫైనాన్స్ కట్టలేక.

పొద్దున పదింటికల్లా ఆ ఫైనాన్స్ వాళ్ల కుర్రాడు బండి మీద వసూలుకొస్తాడు, బోణీ అయిందా లేదా వాడికి అనవసరం, వంద ఇస్తే కార్డు మీద టిక్కు పెట్టి పోతాడు. పదివేలని రాయించుకుని చేతికిచ్చేది 8,500, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పదిహేను వందలేగా అనిపిస్తుంది, కానీ అసలు కూడా రోజూ తీరిపోతూ ఉంటుంది కాబట్టి లెక్కేస్తే నెలకి నూటికి పది రూపాయల వడ్డీ దాటుతుంది. ఏ వ్యాపారంలో అంత మిగులుతుంది చెప్పండి?

మరి బ్యాంకుకి వెళ్లొచ్చుగా అంటారు. వెళ్లాను. ఓవర్‌లాక్ మిషన్‌కీ దసరా సీజన్‌కి లైనింగ్ గుడ్డకీ చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్ అడిగాను, అందులో అన్నిటికంటే చిన్నదైన శిశు కింద 50,000 వరకు పూచీకత్తు అక్కర్లేదని 2015లో స్కీమ్ పెట్టినప్పటి నుంచీ చెప్తూనే ఉన్నారు. మొదటిసారి కొటేషన్ తెమ్మన్నారు, తెచ్చాను, రెండోసారి ఐటీ రిటర్న్స్ అన్నారు, మూడోసారి గవర్నమెంట్ ఉద్యోగి ఎవరైనా గ్యారంటీ సంతకం పెడతారా అన్నారు. ‘ఇవ్వం’ అని మాత్రం కాగితం మీద రాసివ్వలేదు. ఈలోగా సీజన్ వచ్చేసింది, నేనూ ఆ డైలీ ఫైనాన్స్ కార్డే తీసుకున్నా.

మా ఎదురుగా ఇడ్లీ బండి ఆవిడకి కరోనా టైంలో స్వనిధి స్కీము కింద పదివేలు లోను వచ్చింది, కట్టేశాక ఇరవై, తర్వాత యాభై. ఇప్పుడు పప్పు, మినపగుళ్లు బస్తాల్లెక్కన కొంటోంది, కిలోల్లెక్కన కొన్నప్పటికంటే ఖర్చు బాగా తగ్గింది, కొత్త గ్రైండర్ కూడా పెట్టింది. ఆ స్కీము వీధి వ్యాపారులకే, నాకు షట్టర్ ఉంది కాబట్టి నాకు రాదు. ఆవిడకి వచ్చినందుకు సంతోషమే, కానీ టైంకి అందిన పదివేలు ఏం చేస్తాయో రోజూ కళ్లముందే కనిపిస్తోంది.

లోన్ ఇవ్వకపోతే కారణం రాసివ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూలే ఉంది. ప్రతి బ్రాంచ్‌లో ముద్ర అప్లికేషన్‌కి రసీదు ఇవ్వాలి, ఇన్ని రోజుల్లో అవునో కాదో చెప్పాలి, కాదంటే ఎందుకో రాయాలి. జిల్లాలో బ్యాంకులన్నిటి పనీ సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ ఆఫీసు వాళ్లు ఆ కాగితాలు నెలనెలా చూడాలి. మీ పేపర్ ద్వారా ఈ మాట వాళ్లకి చేరుతుందని రాస్తున్నా, వచ్చే సంక్రాంతి సరుకు ఇంకో రెండు నెలల్లో కొనాలి.

– ఒక టైలర్, తెనాలి