ఇంటికి తాళం వేసే ముందు నీళ్ల వాల్వ్ బంద్ చేయించండి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడుతున్నకొద్దీ నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ పట్టణాల్లో అమెరికా నుంచి వచ్చే పిల్లల కోసం ఎదురుచూసే ఇళ్లు వీధికి ఒకటో రెండో ఉంటాయి. అక్కడి బడులకు డిసెంబర్ చివరలో సెలవులు గనుక చాలామంది ఆ రోజులకే టికెట్లు తీసుకొని, వీలైతే పండుగ దాకా మన దగ్గరే ఉంటారు. అంటే అక్కడ చలి ముదిరే వారాల్లోనే వాళ్ల ఇళ్లకు తాళాలు పడుతున్నాయి. ఆ తాళం వేసే ముందు చేయవలసిన ఒక పని గురించి తోటి తల్లిదండ్రులకు మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2022 డిసెంబర్‌లో మా అమ్మాయి, అల్లుడు, పిల్లలు డల్లాస్ నుంచి బంధువుల పెళ్లికి వచ్చారు. బయలుదేరే ముందు రోజు ఫోన్లో నేనే "అన్నీ బంద్ చేసి రండి, ఏదీ నడుస్తూ ఉంచకండి" అని రెండుసార్లు చెప్పాను. ఊరికి పోయేటప్పుడు మోటారు, గ్యాసు, ఫ్యాన్లు, ఒక్కోసారి కరెంటు మెయిన్ కూడా ఆపి పోవడం మనకు చిన్ననాటి నుంచి ఉన్న అలవాటు. మనిషి లేని ఇంట్లో ఏదీ నడవకూడదన్నది మన పెద్దలు నేర్పిన జాగ్రత్త. అల్లుడు కూడా ఆ పద్ధతిలోనే పెరిగినవాడు కాబట్టి, ఇంటిని వెచ్చగా ఉంచే హీటింగ్‌ను పూర్తిగా ఆపి, నీళ్ల సంగతి తలచుకోకుండా వచ్చేశాడు. ఆ నెల చివరి వారంలో అమెరికాలోని చాలా రాష్ట్రాల మీదికి తీవ్రమైన చలిగాలి దిగి, డల్లాస్‌లో ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందికి పడిపోయింది. గదుల సీలింగ్‌కు పైన, కప్పు కిందుగా పోయే పైపు ఒకటి పగిలింది. గ్యారేజీ తలుపు కింద నుంచి నీళ్లు పారుతున్నాయని పక్కింటివారు ఫోన్ చేసేసరికి రెండు గదుల సీలింగ్ కూలిపోయి, చెక్క నేల ఉబ్బిపోయి ఉంది.

వారు పంపిన వీడియో చూసినప్పుడు నష్టం కంటే ముందు ఆ నీళ్లే నన్ను బాధపెట్టాయి. మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నడుములు వంగిపోయినవారి పిల్లలకు నేను పాఠాలు చెప్పాను. ఒక్క బిందె మంచినీటి విలువ ఎంతో అక్కడ చూసినవాణ్ని గనుక, శుభ్రమైన తాగునీరు మూడు రోజులపాటు ఎవరూ లేని ఇంట్లో పారిపోవడం తట్టుకోలేకపోయాను.

మన జిల్లాల్లో నీరు గడ్డకట్టడం ఫ్రిజ్‌లో తప్ప మరెక్కడా కనిపించదు. మిద్దె మీద పైపులు ఆరుబయటే ఉంటాయి. మనకు ఇబ్బంది ఎండాకాలంలోనే, మధ్యాహ్నం నల్లా తిప్పితే చెయ్యి కాలుతుంది. అందువల్ల చలికి పైపు పగులుతుందన్న ఆలోచన మనకు రాదు. నీరు మంచుగా మారినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుందని, అంటే లీటరు నీరు దాదాపు 1,090 మిల్లీలీటర్ల చోటు అడుగుతుందని నేను ఏళ్ల తరబడి తరగతిలో చెప్పినా, దాన్ని నా కూతురి ఇంటితో కలిపి ఆలోచించలేదు. పైపు చాలాసార్లు మంచు కట్టిన చోటనే పగలదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. మంచు గడ్డకూ మూసి ఉన్న నల్లాకూ మధ్య చిక్కుకున్న నీటిపై ఒత్తిడి పెరిగిపోయి, బలహీనంగా ఉన్న చోట పైపు చీలుతుంది. గడ్డ కరిగేదాకా ధార పెద్దగా బయటపడదు గనుక, చలి తగ్గి అందరూ ఊపిరి పీల్చుకునే రోజున ఇల్లు మునుగుతుంది.

మరొక తేడా కూడా గమనించాలి. మన ఇంట్లో పైపు పగిలితే మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ కాగానే నీళ్లు ఆగిపోతాయి. అక్కడి పట్టణాల ఇళ్లకు అలాంటి ట్యాంకు ఉండదు. వీధి పైపు నుంచి నీళ్లు రాత్రింబవళ్లు ఒత్తిడితో నేరుగా వస్తాయి, ఎవరో వచ్చి వాల్వ్ కట్టేసేదాకా ఆగవు.

చికాగో వంటి చలి ఊళ్లలో పైపులను ఇంటి లోపలి భాగాల్లో వేస్తారు. మన పిల్లలు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లోనేమో కప్పు కింద, బయటి గోడల్లో వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట సరైన తొడుగు లేని పైపులకు, బయట సుమారు మైనస్ 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే ప్రమాదం మొదలవుతుందని ఇల్లినాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. ఆ వారంలో టెక్సాస్‌లో 40 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. కాబట్టి హీటింగ్ పెట్టి వచ్చామన్న ధైర్యం ఒక్కటే చాలదు.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. గ్యారేజీలోనో, గీజరు పక్కనో, ఇంటి ముందున్న మీటరు పెట్టెలోనో ఉండే ప్రధాన వాల్వ్‌ను బంద్ చేసి, ఇంట్లో అన్నిటికంటే పైనున్న నల్లాను, అన్నిటికంటే కిందనున్న నల్లాను తిప్పి పైపుల్లో మిగిలిన నీళ్లు పోనివ్వాలి. టాయిలెట్ ట్యాంకులనూ ఒకసారి ఖాళీ చేయాలి. గీజరులోని నీళ్లు కూడా తీసేసేవారు ముందు దాని కరెంటు లేదా గ్యాసు ఆపాలి, లేకపోతే లోపలి కాయిల్ కాలిపోతుంది. తోటకు నీళ్లు పెట్టే రబ్బరు పైపును బయటి నల్లా నుంచి ఊడదీయాలి. హీటింగ్‌ను మాత్రం ఆపకూడదు. 55 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 13 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉంచాలి. మంటలు ఆర్పే స్ప్రింక్లర్లున్న ఇంట్లో మాత్రం తెలిసినవారిని అడగకుండా ప్రధాన వాల్వ్ జోలికి పోవద్దు. అపార్టుమెంట్లో ఉండేవారు హీటింగ్ ఉంచి, సింకుల కింది అరల తలుపులు తెరిచిపెట్టి, నిర్వహణ చూసేవారికి చెప్పి రావాలి. తాళంచెవి ఒకటి నమ్మకమైనవారి దగ్గర ఉంచి, వాల్వ్ ఎక్కడుందో వారికి చూపించి రావడం ఇంకా మంచిది.

బీమా ఉంది కదా అనుకునేవారు పాలసీ కాగితాలను ఒకసారి చదవాలి. ఖాళీ ఇంట్లో హీటింగ్ ఉంచకపోయినా, లేదంటే నీళ్లు ఆపి పైపులు ఖాళీ చేయకపోయినా ఇలాంటి నష్టాన్ని చెల్లించబోమన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మా వాళ్లకు ఆ షరతు అడ్డొచ్చి, బాగుచేయించిన ఖర్చంతా చేతి నుంచే పోయింది.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ప్రవాసుల వార్తలు వేసే పేజీలో ప్రతి ఏటా నవంబర్ చివరి వారంలో ఈ జాగ్రత్తలను ఒక చిన్న పెట్టెలో ప్రచురించండి. తల్లిదండ్రులు దాన్ని ఫొటో తీసి పిల్లలకు పంపుతారు. పాస్‌పోర్టు పెట్టుకున్నారా, మందులు పెట్టుకున్నారా అని అడిగే ఫోన్లోనే వాల్వ్ కట్టారా అని కూడా అడుగుతారు. మా అమ్మాయి వాళ్లు ఈసారి కూడా డిసెంబర్ మూడో వారంలో బయలుదేరుతున్నారు. మూసిన వాల్వ్ ఫొటో పంపిన తర్వాతే విమానాశ్రయానికి వెళ్లమని చెప్పి ఉంచాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా.